డిఫో చూసిన డండీ, జాన్సన్ తిట్టిన డండీ: తెలుగు విజ్ఞాన సర్వస్వాల సంపాదకులకు బహిరంగ లేఖ

తెలుగులో విజ్ఞాన సర్వస్వాలను, నగరాల పరిచయ వ్యాసాలను నడుపుతున్న సంపాదకులకు, వాటికి రాస్తున్న వ్యాసకర్తలకు,

నమస్కారం.

విదేశీ నగరం మీద తెలుగులో వ్యాసం రాయడానికి కూర్చుంటే ముందుగా చేతికందేవి కాపీరైటు తీరిపోయిన పాత పుస్తకాలే. యాత్రికుల రచనలు, గెజెటీర్లు (ఊళ్ల, జిల్లాల వివరాలు కూర్చిన పుస్తకాలు) ఉచితంగా దొరుకుతాయి, చదవడానికీ బాగుంటాయి. వాటిని వాడొద్దని చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. వాటిలోని వాక్యాన్ని తెచ్చి తేదీ లేకుండా, రాసినవాడి పని చెప్పకుండా, "ఈ నగరం ఇలాంటిది" అని వర్తమాన కాలంలో అచ్చువేయడం మానాలని అడుగుతున్నాం. రాసినవాడు ఏ పని మీద వచ్చాడన్నది వదిలేస్తే ఆ వర్ణనలో సగం పోయినట్టే.

ఉదాహరణకు ఒక్క నగరాన్నే తీసుకుంటాం. స్కాట్లాండ్ తూర్పు తీరాన, టే నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న డండీ. ఎడిన్‌బరో, గ్లాస్గోల మీద రాసినవాళ్లకు లెక్కే లేదు. డండీ మీద రాసినవాళ్లు తక్కువ, కానీ ఒకరి మాట ఇంకొకరి మాటతో పొసగదు. అందుకే పాఠానికి బాగా పనికొస్తుంది.

1651 సెప్టెంబరు 1న ఇంగ్లిష్ సైన్యాధిపతి క్రామ్‌వెల్ కింది సేనాని జనరల్ మంక్ డండీ గోడలు బద్దలుకొట్టి ఊళ్లోకి చొరబడ్డాడు. ఎడిన్‌బరో సంపన్నులు తమ నగానట్రా భద్రంగా ఉంటుందని అక్కడికి చేర్చి ఉండటంతో దోపిడీ అంతా ఇంతా కాదు. చనిపోయినవారి సంఖ్య మాత్రం పుస్తకానికో తీరుగా ఉంటుంది. ఒకచోట కొన్ని వందలు, మరోచోట వెయ్యి దాటుతుంది. అందులో ఒకదాన్ని ఎంచుకుని ఖాయమైన అంకెలా వేయడం తప్పు. తక్కువ అంచనా, ఎక్కువ అంచనా రెండూ ఇచ్చి, ఏది ఎవరిదో చెప్పాలి.

ఆ దాడి జరిగిన అయిదారేళ్లకు ఇద్దరు ఇంగ్లిష్‌వాళ్లు డండీని చూశారు. ఇద్దరూ గెలిచిన పక్షం వాళ్లే. ఒకరు రిచర్డ్ ఫ్రాంక్. క్రామ్‌వెల్ సైన్యంలో పనిచేసినవాడు, చేపల వేటంటే ప్రాణం. అతని పుస్తకమంతా గాలపు కర్ర పట్టుకుని స్కాట్లాండ్ నదుల వెంట తిరిగే సంభాషణలే. అలంకారాలు మరీ ఎక్కువ. ఆ పుస్తకంలో డండీ దగ్గరికి వచ్చేసరికి అతని స్వరం మారిపోతుంది. దిక్కులేని డండీ అని, జాలిలేని విజేత నెత్తుటి వరదలో జెండా పాతాడని రాస్తాడు. ఆ విజేత తన సొంత సైన్యమే.

రెండోవాడు థామస్ టకర్. స్కాట్లాండ్‌లో సుంకాలు, ఎక్సైజు పన్నుల వ్యవస్థను సరిదిద్దడానికి పంపిన అధికారి. అతని నివేదిక 1656 నాటిది. ఒకప్పుడు సంపద, వ్యాపారం ఉన్న పట్టణమని, అంతర్యుద్ధాల్లో తగిలిన దెబ్బలూ, ఇటీవలి మొండితనమూ, గర్వమూ కలిసి దాన్ని సైనికుల పాలు చేశాయని, అయినా ఇప్పటికీ వైభవం లేకపోయినా తీసిపారేయదగ్గది మాత్రం కాదని అంటాడు. ఈ చివరి ముక్కను పొగడ్తగా చదివితే పొరపాటు. అది పన్నుల అధికారి లెక్క. ఈ రేవులో ఇంకా ఓడలు తిరుగుతున్నాయి, ఇక్కడ సుంకం సిబ్బందిని పెట్టడం దండగ కాదు అని పైవాళ్లకు చెబుతున్నాడు. నింద ఊరి మీద వేశాడు, ఎందుకంటే అతను నివేదిస్తున్నది ఆ ఊరిని కొట్టిన ప్రభుత్వానికే.

ఈ ఇద్దరినీ వాడేటప్పుడు తేదీల దగ్గర జాగ్రత్త పడాలి. ఫ్రాంక్ తిరిగింది 1650లలో, పుస్తకం అచ్చయింది 1694లో. టకర్ నివేదిక ప్రభుత్వ కాగితంగానే ఉండిపోయి 1820లలో గానీ అచ్చు మొహం చూడలేదు. ముఖపత్రం మీది సంవత్సరాన్ని చూసి "1694లో డండీ శిథిలంగా ఉంది" అని రాస్తే నలభై ఏళ్ల తేడా వస్తుంది. చూసిన ఏడు, రాసిన ఏడు, అచ్చయిన ఏడు, ఈ మూడూ వేరువేరుగా నమోదు చేయండి. ఇంకో చిక్కు ఉంది. స్కాట్లాండ్‌లో 1600 నుంచే జనవరి 1 కొత్త సంవత్సరాది. ఇంగ్లండ్‌లో 1752 దాకా అది మార్చి 25. కాబట్టి ఇంగ్లిష్ అధికారి జనవరి, ఫిబ్రవరి నెలల్లో వేసిన తేదీలో ఏడాది ఒకటి వెనకబడి ఉండొచ్చు.

తర్వాత 'రాబిన్సన్ క్రూసో' రాసిన డేనియల్ డిఫో. డండీని అందమైన, పెద్ద, జనసమ్మర్దమున్న నగరమన్నాడు. జనం పాటల్లోనూ మాటల్లోనూ ఇచ్చిన 'బానీ డండీ' (అందాల డండీ) అన్న ముద్దుపేరుకు తగ్గదే అన్నాడు. ఊరి నుంచి రేవు దాకా రాళ్లు పరిచిన బాట, దానికి రెండువైపులా చెట్ల వరసలు ఉన్నాయని రాశాడు. తెలుగులో డండీ గురించి ఎవరైనా ఒక్క వాక్యం ఎత్తి రాయాలనుకుంటే ఇదే ఎత్తుతారు. కానీ డిఫో స్కాట్లాండ్ వచ్చింది దృశ్యాలు చూడ్డానికి కాదు. 1706లో ఇంగ్లండ్ మంత్రి రాబర్ట్ హార్లీ పంపగా, ఇంగ్లండ్‌తో విలీనానికి అనుకూలంగా పనిచేయడానికి, లోపలి కబుర్లు చేరవేయడానికి వచ్చాడు. అతని యాత్రా గ్రంథంలో స్కాట్లాండ్ ఉన్న మూడో సంపుటం ముఖపత్రం మీద 1727 ఉంటుంది. కానీ అందులోని పరిశీలనలు ఏ పర్యటన నాటివో ప్రతిచోటా విడదీయలేం. విలీనం వల్ల వ్యాపారం ఎక్కడ పెరిగింది, ఎక్కడ దెబ్బతింది అన్న లెక్క అతని తల వెనక ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. ఓడలూ నారబట్టలూ ధాన్యమూ అతనికి అంత ఇంపుగా కనిపించడానికి కారణం అదే.

డిఫో విషయంలో అంతకన్నా పెద్ద ప్రమాదం ముద్రణలది. అతను 1731లో చనిపోయాక ఆ పుస్తకాన్ని పదేపదే అచ్చువేశారు. నవలాకారుడు శామ్యూల్ రిచర్డ్‌సన్ వాటిని సవరించాడు, పెంచాడు, మార్చాడు. 1740ల నాటి ముద్రణ నుంచి వాక్యం తీసుకుని డిఫో పేరు కింద వేస్తే అది డిఫో రాయని వాక్యం కావచ్చు. ఇంటర్నెట్‌లో స్కాన్ దొరకగానే ముఖపత్రం తెరవండి. ఎన్నో ముద్రణో చూడండి. మొదటి ముద్రణ కాకపోతే మొదటి ముద్రణలో అదే పేజీ వెతికి పోల్చండి. ఈ పనికి అరగంట చాలు.

ఇంగ్లిష్ నిఘంటుకర్త డాక్టర్ జాన్సన్ 1773 ఆగస్టులో వచ్చాడు. సెయింట్ ఆండ్రూస్ వైపు నుంచి టే నది దాటాడు. నీటి వెడల్పు పెద్దగా లేకపోయినా దాటించినందుకు నాలుగు షిల్లింగులు పుచ్చుకున్నారని తన పుస్తకంలో సణుక్కున్నాడు. డండీలో కాసేపు ఆగాడు, చెప్పుకోదగ్గది ఏదీ గుర్తు లేదన్నాడు, బండెక్కి పొద్దువాలే వేళకు ఆర్బ్రోత్ చేరాడు. పుస్తకంలో అంతే. అదే ప్రయాణంలో స్నేహితురాలు శ్రీమతి థ్రేల్‌కు రాసిన ఉత్తరంలో మాత్రం డండీని మురికి ఊరు, నీచమైన ఊరు అన్నాడు. పుస్తకం 1775లో అతనే అచ్చువేసుకున్నది. ఉత్తరం అతను పోయిన తర్వాత 1788లో బయటికొచ్చింది. తిట్టే జనానికి గుర్తుంటుంది కాబట్టి అదే అన్నిచోట్లా తిరుగుతుంది. వాడితే రెండూ పక్కపక్కన వాడండి. పైగా ఆయన అక్కడ గడిపింది ఒక పగటిలో కొంత భాగమేనని ఒక్క మాట చేర్చండి.

ఇదే డండీని మరో ఇరవై ఏళ్లకు అక్కడే ఉన్న మత బోధకుడు రాబర్ట్ స్మాల్ ఎలా రాశాడో చూడండి. సర్ జాన్ సింక్లెయిర్ స్కాట్లాండ్‌లోని తొమ్మిది వందలకు పైగా పారిష్‌ల (ఒక్కో చర్చి కింద ఉండే ప్రాంతాల) బోధకులకు నూట అరవై పైచిలుకు ప్రశ్నలు పంపాడు. భూమి, జనం, చేతిపనులు, కూలి రేట్లు, బడులు, బీదల పోషణ, అన్నిటి మీదా అడిగాడు. వచ్చిన జవాబులు 1791 నుంచి 1799 దాకా 21 సంపుటాలుగా అచ్చయ్యాయి. అందులో డండీ భాగం స్మాల్ రాసింది. దారం, ముతక నారబట్టల తయారీ గురించి యాత్రికులు ఒక్క మాటతో దాటేసిన చోట ఆయన పేజీలు నింపాడు. అయితే ఆయన కళ్లజోడు ఆయనకూ ఉంది. తాగుడు, గుడికి రాకపోవడం, బీదల నిధి మీద పడే భారం బోధకుడికి కనిపించినంతగా వర్తకుడికి కనిపించవు. సంఖ్యలు స్మాల్ దగ్గర తీసుకోండి, నీతి తీర్పులకు మాత్రం ఆయన పేరు తగిలించండి.

1819లో కవి రాబర్ట్ సదే వచ్చాడు. ఇంజనీరు థామస్ టెల్ఫర్డ్ వెంట వచ్చాడు కాబట్టి చూసింది ఎక్కువగా టెల్ఫర్డ్ చేతిలో ఉన్న రేవు పనులు. అతని దినచర్య 1929 దాకా అచ్చు కాలేదు.

లార్డ్ కాక్‌బర్న్ సంగతి వేరు. ఆయన న్యాయమూర్తి, జిల్లాలు తిరిగి విచారణలు చేసే సర్క్యూట్ కోర్టులో కూర్చునేవాడు. డండీని ఎన్ని నీతులు గుమ్మరించినా కడగలేని ఘోరాల మురుగుగుంట అన్నాడు. ముఖ్యంగా అక్కడి ఆడ నేరస్థుల మీద విరుచుకుపడ్డాడు. పోసిన శాపనార్థాల్ని బట్టే ముద్దాయి డండీ మనిషని గుర్తుపట్టొచ్చన్నాడు. ఆ మాటలు ఆయన చనిపోయాక 1888లో అచ్చయ్యాయి. న్యాయమూర్తి ముందుకు నేరస్థులే వస్తారు. అప్పట్లో డండీ మిల్లుల్లో కూలీల్లో ఎక్కువమంది ఆడవాళ్లు. కాబట్టి ఊళ్లో ఏం జరిగినా వాళ్లు ముందు కనిపించేవారు, కోర్టుల్లోనూ. ఈ రెండు ముక్కలూ చేర్చకుండా కాక్‌బర్న్ వాక్యం వేస్తే ఒక ఊరి ఆడవాళ్లందర్నీ తిట్టినట్టవుతుంది.

ఇక గెజెటీర్లు. వీటితోనే మన వ్యాసాల్లో ఎక్కువ తప్పులు దొర్లుతున్నాయి, ఎందుకంటే అవి యాత్రికుల కన్నా నమ్మదగినవిగా కనిపిస్తాయి. గెజెటీర్ ఒక మనిషి చూసి రాసింది కాదు. పాత గెజెటీరు, జనాభా లెక్కలు, స్థానిక బోధకుల ఉత్తరాలు, రైల్వే దూరాలు, వ్యాపార మండలి అంకెలు కలిపి కుట్టిన బొంత. ఒకే పేరాలో 1830ల వాక్యం పక్కన 1881 అంకె ఉంటుంది, రెంటి మధ్య అతుకు కనిపించదు. డేవిడ్ ప్రభువు పవిత్ర యుద్ధాల నుంచి తిరిగొస్తూ తుపానులో చిక్కుకుని, బతికి బయటపడ్డందుకు డండీలో చర్చి కట్టించాడన్న కథ వాటిలో ఒకదాని నుంచి ఒకటి ఎత్తిరాసుకుంటూ వచ్చినదే. అయిదు పుస్తకాల్లో ఉందని అయిదుగురు సాక్షులు అనుకోవద్దు. వాక్య నిర్మాణం ఒకేలా ఉంటే ఒక్కరే సాక్షి.

ఫ్రాన్సిస్ గ్రూమ్ సంపాదకత్వంలో వచ్చిన ఆరు సంపుటాల గెజెటీర్ 1882లో మొదలై 1885లో ముగిసింది. డండీ రైలు వంతెన సంగతి చూస్తే చాలు, గెజెటీరుకు తేదీ ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. థామస్ బౌచ్ కట్టిన టే వంతెనను 1878లో తెరిచారు. 1879 డిసెంబరు 28 రాత్రి తుపానులో మధ్యలో ఎత్తుగా ఉన్న 13 గర్డర్ల భాగం రైలుతో సహా కూలింది. రెండో వంతెన 1887లో తెరిచారు. 1850ల నాటి గెజెటీర్‌లో వంతెనే ఉండదు. గ్రూమ్ మొదటి ముద్రణలో కూలిన వంతెన ఉంటుంది, కొత్తది ఇంకా రాదు. 1890లలో సవరించిన ముద్రణలో కొత్తది ఉంటుంది. ఏ ముద్రణ అన్నది రాయకపోతే పాఠకుడికి నదిపై వంతెన ఉందో లేదో తెలియదు. చనిపోయినవారి సంఖ్య కూడా అలాగే. టికెట్ల లెక్క వేసుకుని అప్పట్లో సుమారు 75 అన్నారు. పేర్లతో సహా ధ్రువపడినవారు 59 మంది.

జనాభా అంకెల్లో చిక్కు సరిహద్దులది. డండీ అంటే పారిష్ కావచ్చు, పాత రాజపట్టణం కావచ్చు, పార్లమెంటు నియోజకవర్గ పరిధి కావచ్చు. పారిష్‌లో పొలాల భాగమూ ఉంటుంది. 1801లో సుమారు 26 వేలు, 1881లో సుమారు 1.40 లక్షలు అని రాసేటప్పుడు ఏ పరిధి అన్నది బ్రాకెట్లో పెట్టండి, లేకపోతే అంకెలు కలవవు. 1911 నుంచి 1921కి వచ్చేసరికి మధ్యలో 1913లో బ్రోటీ ఫెర్రీ పట్టణం డండీలో కలిసింది. పోల్చేటప్పుడు దాన్ని తీసి లెక్కించాలి. వెతికేటప్పుడు ఇంకో చిట్కా. డండీ ఉన్న జిల్లాను ఆ రోజుల్లో ఫోర్ఫర్‌షైర్ అనేవారు, అంగస్ అన్న పాత పేరు 1928లో అధికారికంగా తిరిగొచ్చింది. 1834 నుంచి 1845 దాకా వచ్చిన రెండో పారిష్ వివరణల సంపుటాల్లో డండీ కావాలంటే ఫోర్ఫర్ కింద చూడాలి. నగర హోదా డండీకి వచ్చింది 1889లో. అంతకు ముందు దాన్ని నగరమన్న డిఫోది వాడుక మాట, చట్టం ఇచ్చిన హోదా కాదు.

డబ్బు, దూరం, బరువుల్లో తేడాలను మార్చకుండా వదలొద్దు. పదిహేడో శతాబ్దపు లెక్కల్లో పౌండు అంటే చాలాసార్లు స్కాట్ పౌండు. అలాంటివి పన్నెండు కలిస్తే ఒక స్టెర్లింగ్ పౌండు. 1,200 అని ఉన్నచోట అసలు విలువ 100 కావచ్చు. ఇంగ్లిష్ మైలు 1,760 గజాలు, పాత స్కాట్ మైలు సుమారు 1,976. యాత్రికుడు అక్కడివాళ్లని అడిగి రాసిన దూరం మ్యాపుతో కలవకపోతే ముందుగా ఇదే అనుమానించండి. పాత డబ్బును నేటి రూపాయల్లోకి మార్చే పని అసలు పెట్టుకోవద్దు. అంతకన్నా ఆనాటి కూలి రేటో ధాన్యం ధరో పక్కన ఇస్తే పాఠకుడికి అర్థమవుతుంది.

డండీ అనగానే జనపనార అని మొదటి వాక్యంలోనే రాసేస్తున్నారు. డిఫో నాటికి, జాన్సన్ నాటికి, స్మాల్ నాటికి అక్కడ జనపనార లేదు. అప్పటిదంతా అవిసెనార. బెంగాల్ జనపనారతో ప్రయోగాలు 1820లలో మొదలయ్యాయి. 1830లలో దాన్ని మిల్లుల్లో యంత్రాలతో వడకడం కుదిరింది. క్రిమియా యుద్ధం రష్యా అవిసెను ఆపేసినప్పుడు అది ఊపందుకుంది. అలా ఆలస్యం కావడానికి కారణం ఆ నార పొడిగా, పెళుసుగా ఉండటం. నీళ్లు, తిమింగలం నూనె కలిపి తడిపితేగానీ యంత్రంలో తెగకుండా సాగలేదు. డండీకి తిమింగలాల వేట ఓడలు అప్పటికే ఉన్నాయి. గెజెటీర్లు తిమింగలాల వేటను ఒక పేరాలో, జనపనారను ఇంకో పేరాలో పెడతాయి. ఆ రెంటినీ కలిపి చెప్పడం వ్యాసకర్త పని. అంకెలు ఒకచోట టన్నుల్లో, ఒకచోట బేళ్లలో ఉంటాయి. ఎగుమతి బేలు 400 పౌన్లు, టన్ను 2,240 పౌన్లు, అంటే టన్నుకు 5.6 బేళ్లు. మన వైపు నుంచి విదేశాలకు వెళ్లిన బిమిలీపట్నం (భీమునిపట్నం) నార గోగునార. దాన్ని వ్యాపారులు జూట్ అనే పిలిచేవారు కాబట్టి, దిగుమతి పట్టికల్లో బిమిలీ అన్న వరస కనిపిస్తే దాన్ని బెంగాల్ లెక్కలో కలపొద్దు.

గెజెటీర్‌లో ఉన్న భవనం ఈనాడు ఉందో లేదో తప్పనిసరిగా చూడాలి. 1730లలో విలియం ఆడమ్ కట్టిన టౌన్‌హౌస్‌ని 1930ల తొలి ఏళ్లలో పడగొట్టారు. 1844లో విక్టోరియా రాణి రాకకు గుర్తుగా రేవు దగ్గర కట్టిన రాజద్వారాన్ని 1964లో కూల్చారు. టే రోడ్డు వంతెన కోసం పాత డాక్‌లను పూడ్చేశారు, వంతెన 1966లో తెరిచారు. గెజెటీర్‌ను చూసి "ఉంది" అని రాసిన ప్రతి క్రియను ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ) పాత పటంతో ఒకసారి, నేటి పటంతో ఒకసారి సరిచూడండి. ఆ పాత పటాలు స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి.

స్కాన్ చేసిన పుస్తకాల నుంచి యంత్రం తీసిన పాఠాన్ని నేరుగా అనువాద యంత్రంలో వేయొద్దు. 1800కు ముందు అచ్చులో వాడిన పొడుగు ఎస్ అక్షరాన్ని యంత్రం ఎఫ్ అని చదువుతుంది. మూడు, ఎనిమిది తారుమారవుతాయి. పట్టికల్లో నిలువు గీతను ఒకటిగా లెక్కేస్తుంది, దాంతో వెయ్యి పదకొండు వేలవుతుంది. అంకె ఉన్న ప్రతిచోటా పేజీ బొమ్మ తెరిచి కళ్లతో చూడాలి.

ఇవన్నీ పాటించాక డండీ వ్యాసంలో వాక్యం ఇలా ఉండాలి: "1656లో సుంకాల వ్యవస్థను పరిశీలించడానికి వచ్చిన ఇంగ్లిష్ అధికారి థామస్ టకర్, అయిదేళ్ల కిందటి దాడితో దెబ్బతిన్న డండీకి పాత వైభవం లేదని, అయినా వ్యాపారం పూర్తిగా పోలేదని తన ప్రభుత్వానికి నివేదించాడు." దీని స్థానంలో ఇప్పుడు మనకు తరచు కనిపించేది: "డండీ ఒకప్పుడు వైభవంగా ఉండి గర్వం వల్ల నాశనమైన నగరం." రెండో వాక్యంలో టకర్ లేడు, మంక్ లేడు, సంవత్సరం లేదు. మిగిలింది పన్నుల అధికారి ఎత్తిపొడుపు ఒక్కటే, అది కూడా మన మాటగా.

మన జిల్లాల వ్యాసాలకూ ఇది వర్తిస్తుంది. 1881లో తొమ్మిది సంపుటాల భారత గెజెటీరు తెచ్చిన విలియం హంటర్ గ్లాస్గోలో పుట్టినవాడే. 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజెటీరు కూడా ఈ తరహా పుస్తకమే. భీమునిపట్నం గురించి అందులోంచి వాక్యం తీసేటప్పుడు కలెక్టరు కచేరీకి అది ఎందుకు కావలసివచ్చిందో ముందు అడగండి.

మేము కోరేది ఒక మార్పు. వ్యాసాల మూస పెట్టెలో పాత వర్ణనలకు నాలుగు గడులు చేర్చండి: చూసిన ఏడు, అచ్చయిన ఏడు, ముద్రణ సంఖ్య, రాసినవారు ఏ పని మీద వచ్చారు. నాలుగో గడి ఖాళీగా ఉంటే ఆ ఉటంకింపును ప్రచురించకుండా ఆపండి. డండీతో మొదలుపెడతామంటే ఫ్రాంక్, టకర్, డిఫో, జాన్సన్, స్మాల్, సదే, కాక్‌బర్న్, గ్రూమ్, ఈ ఎనిమిది మందికీ ఆ గడులు నింపి పంపడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
పాత యాత్రా రచనలు, గెజెటీర్లతో పనిచేసే కొందరు తెలుగు అనువాదకులు, సూచీకర్తలు